ఏరి పారేసిన మొక్క

(కడియపులంకలో నర్సరీ రైతులు, నర్సరీ పనివాళ్ళు, ఉద్యాన విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారమండి. మైకు కాస్త ముందుకు జరపండి బాబూ, వెనకాల ఆడవాళ్ళకి వినపడట్లేదంటున్నారు.

మాట్లాడే ముందు ఓ పని చేద్దాం. ఈ బల్ల మీద రెండు కుండీలున్నాయి. రెండూ తులసే. రెండింటి విత్తనమూ మా పెరట్లో ఒకే తులసికోట నుంచి దులిపిందే. ఒకే రోజు నారు పోశాను, ఒకే మట్టిలోకి మార్చాను. తలా ఒక ఆకు తుంపుకుని, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి పక్కవాళ్ళకి అందించండి. తొందరేం లేదు, నేను ఆగుతాను.

అయిందా? మొదటి కుండీ ఆకు లవంగం వాసన కొడుతోంది కదా. పన్ను సలిపితే దూదిలో ముంచి పెట్టుకుంటామే, ఆ నూనె గుర్తొస్తుంది. రెండోదాంట్లో ఆ ఘాటు లేదు. జాగ్రత్తగా చూస్తే మిరియాల పొడి డబ్బా మూత తీసినట్టు ఉంటుంది. లవంగం వాసన యూజినాల్ అనే పదార్థానిది. లవంగంలో ఉన్నదీ తులసిలో ఉన్నదీ అదే. కానీ ప్రతి తులసి మొక్కలోనూ ఒకే పాళ్ళలో ఉండదు. కొన్నిట్లో యూజినాల్‌దే పైచెయ్యి, కొన్నిట్లో దాని చుట్టం మిథైల్ యూజినాల్‌ది, కొన్నిట్లో మిరియాల్లో కూడా ఉండే కారియోఫిలిన్‌ది. పూజారి గారికి మూడూ తులసే. వృక్షశాస్త్రం పుస్తకంలోనూ మూడింటికీ ఒకటే పేరు. నూనె తీసేవాడికి మాత్రం ఇవి మూడు వేరు వేరు సరుకులు.

కృష్ణ తులసి అయితే మందుకి, లక్ష్మి తులసి అయితే పూజకి అని కొందరు అంటూ ఉంటారు. ఆకుకి ఊదా రంగు ఇచ్చేది ఒకటి, వాసన ఇచ్చే నూనె ఇంకొకటి. రంగు చూసి నూనె ఇంత అని చెప్పడం, చొక్కా చూసి జేబులో డబ్బెంతుందో చెప్పడం లాంటిది.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. ఈ ఊళ్ళో మీ కన్నెంత పదునో నాకు తెలుసు. వెయ్యి కవర్ల బెడ్డులో ఒక్క మొక్క ఆకు పొట్టిగా ఉన్నా, కణుపు దగ్గరగా ఉన్నా, నడుస్తూ నడుస్తూనే లాగి అవతల పడేస్తారు. లారీ ఎక్కే సరుకు అంతా ఒక్క తీరుగా ఉండాలి, లేకపోతే కొన్నవాడు గొడవ పెడతాడు. అందులో తప్పేమీ లేదు. కానీ మీరు అమ్మే మచ్చల ఆకుల మొక్కల్లో చాలా వాటి పుట్టుక ఒకసారి తలుచుకోండి. ఎక్కడో ఒక పచ్చని మొక్కకి ఒక కొమ్మ తెల్ల చారలు తొడిగింది. ఎవరో ఆ కొమ్మని పీకి పారేయకుండా విడిగా అంటు కట్టారు. ఇవాళ అది లారీల కొద్దీ పోతోంది. తేడా మొక్కే కదండీ అది.

అందం మొక్కలో తేడా కంటికి కనపడుతుంది. మందు మొక్కతో వచ్చిన చిక్కల్లా మనం అమ్మేది కంటికి కనపడకపోవడమే. పొట్టిగా ఉందని మీరు తీసి పారేసిన మొక్కలోనే సరుకు రెట్టింపు ఉండొచ్చు. ఏపుగా పెరిగి ముచ్చటగా ఉన్నదాంట్లో నీళ్ళు తప్ప ఏమీ లేకపోవచ్చు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అంతా దీని చుట్టూనే. తేడా మొక్కని పారేయకండి. అలాగని చూడగానే నమ్మెయ్యకండి కూడా.

పసుపుతో మొదలుపెడతాను, ఎందుకంటే అది మన సొంత కథ. ఆంధ్రా పసుపు రకాలని పాతకాలం నుంచీ మూడు గుంపులుగా చెబుతారు. ఏడు నెలల్లో తవ్వకానికొచ్చేవి కస్తూరి రకాలు, ఎనిమిది నెలలవి కేసరి రకాలు, తొమ్మిది నెలలవి దీర్ఘకాలికాలు. దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు, ఆర్మూరు పేర్లు మూడో గుంపులోవి, అందరూ విన్నవే. మొదటి గుంపు పేర్లు వినండి. కస్తూరి అమలాపురం. కస్తూరి తణుకు. కొత్తపేట. కేసరి గుంపులో అమృతపాణి కొత్తపేట కూడా ఉంది. ఇవి బస్సు బోర్డులు కావండీ, పసుపు రకాలు! (నవ్వులు) ఈ డెల్టా రైతు ఏ కాలేజీకీ పోకుండా, తన చేలో తొందరగా పండిన దుబ్బుని, కొమ్ము బాగా ఊరిన దుబ్బుని విత్తనానికి ఉంచుకుంటూ పోతే ఊరి పేరు మీద రకం నిలబడింది.

ఇక్కడ చదువుకునే పిల్లలకి ఒక అనుమానం రావాలి. పసుపు గింజ కట్టదు కదా, దుంప నాటితే దుంపే వస్తుంది కదా, తల్లి ఎలా ఉంటే పిల్ల అలాగే ఉండాలి కదా, మరి ఇన్ని రకాలు ఎక్కడివి? మంచి ప్రశ్న. పసుపులో క్రోమోజోములు 63. ఒక్కో జట్టుకి 21 చొప్పున మూడు జట్లు. మూడు జట్లున్నది జత కట్టేటప్పుడు ఒకటి ఎప్పుడూ విడిగా మిగిలిపోతుంది, అందుకే గింజ సరిగా ఏర్పడదు. కానీ దుంప మీది కన్నులో, కణం రెండుగా చీలేటప్పుడు, ఎప్పుడో ఒకప్పుడు చిన్న మార్పు జరుగుతుంది. ఆ కన్ను మొలిస్తే దాని సంతానం అంతా ఆ మార్పుని మోస్తుంది. మచ్చల కొమ్మకీ దీనికీ తేడా లేదు. వందల ఏళ్ళు నాటుతూ పోతే అలాంటివి పోగుపడతాయి. అదీగాక గింజ అసలే కట్టదనీ కాదు, అరుదుగా కడుతుంది. కోళిక్కోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ వాళ్ళు ఆ అరుదైన గింజల్ని ఓపిగ్గా మొలిపించి, వచ్చిన మొక్కల్లోంచి ఏరి ప్రభ, ప్రతిభ అనే రెండు రకాలు ఇచ్చారు. పసుపుకి ఆ రంగునిచ్చే పదార్థం కర్క్యుమిన్. అది ప్రభలో 6.5 శాతం, ప్రతిభలో 6.2 శాతం అని వాళ్ళు నమోదు చేశారు. 2, 3 శాతం దగ్గర ఆగిపోయే రకాలూ ఉన్నాయి. కొమ్ముని అడ్డంగా విరిస్తే నారింజ రంగుకి తిరిగిందా, నిమ్మ పసుపుగా ఉందా అని మీరు చూస్తారే, ఆ లెక్క సుమారుగా దీన్నే చెబుతుంది. సుమారుగానే.

ఆ 'సుమారు' నాకు బాగా పాఠం చెప్పింది. నా పరువు పోయిన కథ ఒకటి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కోనసీమలో ఒక కొబ్బరి తోటకి వెళ్ళాను. చెట్ల మధ్య పసుపు. ఇంట్లో పెళ్ళి ఉందని రైతు సంక్రాంతికి ముందే తవ్వేశాడు. నేను వెళ్ళింది మాఘమాసంలో. ఒక కొబ్బరి చెట్టు మొదట్లో, డొక్కలు పోగేసిన చోట, ఒక దుబ్బు మర్చిపోయారు. సరదాగా తవ్వాం. కొమ్ము విరిస్తే లోపల రంగు చూసి నాకు నోట మాట రాలేదు, అంత ముదురు నారింజ. ముందు తవ్విన కొమ్ములు పక్కన పెడితే అవి వెలవెలబోయాయి. రెండూ పరీక్షకి పంపాను. దుబ్బుదే చాలా ఎక్కువ వచ్చింది. ఇంకేముంది, కొత్త రకం దొరికేసిందని ఊరంతా చెప్పుకున్నాను. ఆ దుంపలు రెండేళ్ళు పెంచి, మూడో ఏడు మిగతావాటితో కలిపి ఒకే మడిలో వేశాం. ఒకే రోజు తవ్వాం. రెండింటికీ వెంట్రుకవాసి తేడా లేదు.

ఏం జరిగిందో మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. ఆ దుబ్బు రకం కాదు, ముదురు. మిగతావి పచ్చిగా తవ్వారు, ఇది ఆకు పూర్తిగా ఎండేదాకా నేలలో ఉండిపోయింది. అంతే. ఆ రైతు మాత్రం నన్ను చూసినప్పుడల్లా "ఏమండీ, మన కొత్త రకం ఎలా ఉందండీ" అని అడిగేవాడు. ఆయ్, బాగుందండి అనేదాన్ని. (నవ్వులు)

అందుకని ఏ తేడా కనపడినా మొదటి ప్రశ్న ఒకటే. ఇది విత్తుదా, మట్టిదా? లంక పొగాకు ఘాటు గురించి మన పెద్దవాళ్ళు ఎంత వాదించుకునేవారో గుర్తుందా? ఒండ్రు గొప్పతనమా, విత్తనం గొప్పతనమా అని. వాదనతో తేలదది. తేలాలంటే దారి ఒకటే. రెండింటినీ ఒకే నేలలో, ఒకే రోజు నాటి, ఒకే వయసులో కోసి, ఒకే తీరున ఆరబెట్టి చూడాలి. అది కూడా ఒక చోట కాదు. కాలవ వైపు ఒక వరుస, మధ్యలో ఒకటి, గట్టు వైపు ఒకటి వెయ్యాలి. ఎందుకంటే ఒకే మడిలో కూడా నేల అంతా ఒకలా ఉండదని మీకు నేను చెప్పక్కర్లేదు. అన్ని చోట్లా ఒకటే గెలుస్తుంటే, అప్పుడు ఆ తేడా విత్తుది. కుండీల్లో వేస్తే కుండీలు వారానికోసారి అటూ ఇటూ మార్చండి. ఇంతకంటే పెద్ద శాస్త్రం ఏమీ లేదు ఇందులో. ఓపిక కావాలి, రాసి పెట్టుకునే అలవాటు కావాలి.

నేలవేములో అయితే కోసే రోజు ఇంకా ముఖ్యం. చేదు ఇచ్చే ఆండ్రోగ్రాఫోలైడ్ ఆకులో ఎక్కువగా ఉండేది పూత మొదలయ్యే వేళకి. గింజ ముదిరాక కోసినవాడు, పూతకి ముందు కోసినవాడు తమ రకాల్ని పోల్చుకుంటే నా పసుపు దుబ్బు కథే మళ్ళీ.

ఇప్పుడు వస. ఇది చెప్పకుండా వెళ్ళలేను. మన ఇళ్ళల్లో పసిబిడ్డ నాలుకకి వస కొమ్ము అరగదీసి రాసేవారు, మాటలు బాగా వస్తాయని. గలగలా వాగే పిల్లని వసపిట్ట అంటాం. నన్నూ అలాగే అనేవారు, ఇప్పుడు పిలిచి మైకు ఇచ్చారు. (నవ్వులు) వస బురద మొక్క. వరి మడి లాంటి చోట హాయిగా పెరుగుతుంది, అందుకే డెల్టాలో వెయ్యమని సలహా ఇస్తుంటారు. పైకి ఏ వసైనా ఒకటే, కత్తుల్లాంటి ఆకు, వాసన కొట్టే వేరు. కానీ ప్రపంచంలో ఉన్న వసంతా ఒక్కటి కాదు. క్రోమోజోములు 24 ఉన్న వస ఉంది, 36 ఉన్నది ఉంది, 48 ఉన్నది ఉంది. 24 ఉన్నదాని నూనెలో బీటా అసరోన్ అనే పదార్థం ఉండదు. 36 ఉన్నదాంట్లో కొద్దిగా ఉంటుంది. 48 ఉన్నదాంట్లో, అది మన దేశంలోనూ ఉంది, నూనెలో సగానికి పైగా అదే ఉండొచ్చు, కొన్ని మొక్కల్లో 90 శాతం దాటుతుంది.

ఏమిటయ్యా దాంతో గొడవ అంటే, ఎలుకల మీద చేసిన పరీక్షల్లో బీటా అసరోన్ వల్ల కణుతులు వచ్చాయి. 1968లో అమెరికాలో వసనీ వస నూనెనీ తిండి పదార్థాల్లో కలపకూడదని నిషేధించారు. మరి మా అమ్మమ్మ రాసిందే అంటారు. నాకూ రాశారు. నేను మీ అమ్మమ్మని తప్పుపట్టడానికి రాలేదు, కానీ చంటిబిడ్డకి పెట్టేముందు డాక్టరుని అడగమంటాను. వస వేసే రైతుకి నేను చెప్పేది వేరు. ఇన్ని తేడాలున్న మొక్కలో, బజార్లో ఎవరి దగ్గరో పిలకలు కొనుక్కొచ్చి ఎకరం నింపేయకండి. ఎక్కడి పిలక, ఏ గుంపుది, నూనె పరీక్ష కాగితం ఉందా అని అడగండి. మంచి గుణం ఎక్కువున్న మొక్కని ఏరడమే మెరుగుపరచడం అనుకుంటాం. చెడ్డది తక్కువున్నదాన్ని ఏరడం కూడా అదే పని. వసలో ఆ రెండోదే ముఖ్యం.

బిళ్ళగన్నేరు దగ్గరికి వద్దాం. దీన్ని మీరు అందానికి లక్షల కవర్లు పెంచుతారు. మడగాస్కర్ నుంచి వచ్చి మన గోడ పగుళ్ళలో కూడా కాపురం పెట్టేసిన మొక్క. దీని ఆకులోంచి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అని రెండు క్యాన్సర్ మందులు తీస్తారు. మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పనిలోంచి మెథోట్రెక్సేట్ వచ్చిందని మనం గర్వంగా చెప్పుకుంటాం కదా. పిల్లలకి వచ్చే రక్త క్యాన్సర్‌కి ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేటూ ఉంటుంది, ఈ బిళ్ళగన్నేరు విన్‌క్రిస్టినూ ఉంటుంది. గ్రాము విన్‌బ్లాస్టిన్ తియ్యాలంటే అర టన్ను ఎండాకు దాకా కావాలి. అందుకే ఆకులో ఆ పదార్థం పిసరంత ఎక్కువున్న మొక్క దొరికినా విలువే.

మరి తెల్ల పువ్వుదే మందుదంటారే? లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ ఇచ్చిన నిర్మల్ అనే రకం తెల్ల పువ్వుదే. కానీ తెల్లదయినంత మాత్రాన మందు ఎక్కువని కాదు. పువ్వు రంగు లెక్క చాలా సరదాగా ఉంటుంది, కాస్త వినండి. ఒక జన్యువు పువ్వు కన్నుకి రంగు వేస్తుంది. రెండోది ఆ రంగుని రేకంతా పరుస్తుంది. రెండూ ఉంటే గులాబీ పువ్వు. మొదటిదే ఉంటే ఎర్ర కన్నున్న తెల్ల పువ్వు. మొదటిది లేకపోతే రెండోది ఉన్నా పరచడానికి రంగే లేదు, కాబట్టి అచ్చ తెలుపు. ఇప్పుడు అచ్చ తెల్లదాన్నీ ఎర్ర కన్ను తెల్లదాన్నీ కలిపితే ఏం రావాలి? తెల్లదే అంటారు. తెల్లదాంట్లో ఆ పరిచే జన్యువు దాగి ఉంటే, వచ్చేవన్నీ గులాబీవే! వాటి గింజ మళ్ళీ వేస్తే 16లో 9 గులాబీ, 3 ఎర్ర కన్ను, 4 తెలుపు. విత్తనం కల్తీ అయిందని కూలీల మీద కేకలేస్తారు మీరు. కల్తీ కాదండీ, దాగి ఉన్నది బయటికొచ్చింది.

కళ్ళెదుట కనపడే రంగుకే రెండు జన్యువులు ఇంత దాగుడుమూతలు ఆడితే, ఎన్నో మెట్లు దాటి తయారయ్యే మందు పదార్థం సంగతి చూడండి. ఎన్ని జన్యువుల చెయ్యి పడుతుందో. ఒక్క తరంలో ఏరితే అయిపోదు.

మొక్క కాపురం ఎలాంటిదో తెలిస్తే ఏరడం సగం తేలిక. నేలవేము చాలా వరకు తన పుప్పొడితోనే తాను గింజ కడుతుంది. ఒక మంచి మొక్క దొరికితే దాని గింజ దాదాపు దానిలాగే వస్తుంది. అందుకే ఒక చేలో తేడా తక్కువ, ఊరికీ ఊరికీ మధ్య వెతకాలి. తులసి అలా కాదు, తేనెటీగలు ఊరంతా తిరుగుతాయి. లవంగం వాసన తులసి గింజ తెచ్చి, పక్కింటి తులసి పక్కనే వేస్తే మూడో ఏడుకి ఏముంటుందో మీ ముక్కే చెబుతుంది. ఇందాకటి రెండు కుండీల రహస్యం కూడా అదే. తమలపాకు, పిప్పలి తీగల్లో మగ తీగ విడిగా, ఆడ తీగ విడిగా ఉంటాయి. మనం ముక్క నాటుతాం కాబట్టి నచ్చిన తీగ నచ్చినట్టే ఉంటుంది. కానీ ఊరంతా ఒకే తీగ ముక్కలే అయితే ఒక తెగులొచ్చిన రోజున తోటలన్నీ ఒకేసారి పోతాయి. తమలపాకు రైతుకి ఎండు తెగులు గురించి నేను చెప్పాలా.

మనం ఏరిన రకం మీద మనకి హక్కేమిటని చట్టం గురించి అడిగారు ఇందాక ఒకాయన. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. మీ రకాన్ని రైతు రకంగా నమోదు చేసుకోవచ్చు. కంపెనీ నమోదు చేసుకున్న రకమైనా సరే, మీ చేలో పండిన విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. దాని బ్రాండు పేరుతో ప్యాకెట్ కట్టి మాత్రం అమ్మకూడదు. నమోదుకి వెళితే అడిగేవి ముఖ్యంగా మూడు. మిగతావాటి కంటే వేరుగా ఉందా, మొక్కలన్నీ ఒక తీరుగా ఉన్నాయా, ఏటేటా అలాగే ఉంటోందా. రెండోది మీకు కొట్టిన పిండే.

ఇంకెవరైనా అడుగుతారా? వెనకాల ఆవిడ చెయ్యెత్తారు. లేచి చెప్పండమ్మా, మొహమాటం లేదు.

(నర్సరీలో పనిచేసే ఒకామె: మా బెడ్డులో తులసమ్మ ఒకటుందండి. అన్నీ కంకి తొడిగేసినాయి, అది ఒక్కటే ఇంకా ఆకే వేస్తోంది. ఎదగలేదని మొన్న తీసి గట్టు మీద పెట్టేశాను. పారేయాలా, ఉంచాలా అండి?)

చచ్చిపోలేదు కదా? బతికే ఉందా? అమ్మయ్య.

అందరూ వినండి ఈవిడ మాట. గుజరాత్‌లో ఆనంద్ అనే ఊళ్ళో సునాముఖి అనే మందు మొక్క మీద పనిచేసినవాళ్ళు ఒక రకం ఇచ్చారు, పేరు ఏ.ఎల్.ఎఫ్.టి.-2. ఆ అక్షరాలకి అర్థం ఆలస్యంగా పూసే ఆనంద్ రకం అని. సునాముఖిలో కావలసింది ఆకు. పూత వచ్చాక మొక్క కాయ మీద పడుతుంది, ఆకు తగ్గుతుంది. ఆలస్యంగా పూసే మొక్కని ఏరితే ఆకు ఎక్కువ రోజులు కోసుకోవచ్చు. ఈవిడ గట్టు మీద పెట్టింది అలాంటిదే కావచ్చు. కాకపోనూ వచ్చు, వేరుకి పురుగు పట్టి ఎదగలేదేమో, మారు నాటేటప్పుడు మొదలు విరిగిందేమో. నా దుబ్బు కథ అయినా కావచ్చు.

మీరేం చేస్తారంటే అమ్మా, ముందు దాని వేరు చూడండి. బాగుంటే వేరే కుండీలో పెట్టి ఒక రేకు ముక్క మీద తేదీ గీసి కట్టండి. పెన్నుతో రాయకండి, రెండు వానలకి పోతుంది, మేకుతో గీయండి. దాన్నుంచి ఓ పది కొమ్మ ముక్కలు నాటండి. మామూలు తులసివి ఇంకో పది ముక్కలు అదే రోజు, అదే మట్టిలో. ఏది ఎప్పుడు కంకి వేసిందో గీతలు పెట్టుకుంటూ ఉండండి. కార్తీకం నాటికి నేను మళ్ళీ వస్తాను, ఇద్దరం కూర్చుని చూద్దాం. యజమాని గారూ, ఆ ఇరవై కవర్లు ఈవిడవి. లారీ ఎక్కించెయ్యకండి.

భోజనాలు సిద్ధమైనట్టున్నాయి. ఆ గట్టు ఎక్కడో ముందు నాకు చూపించండమ్మా, ఎండ ముదరకముందే దాన్ని నీడకి తెద్దాం.